నిప్పు తగలని నలభై రోజులు

ఇట్లా చాప మీదికి జరగండి, ఇంకొంచెం. గోడకి ఆనుకోబాకండి, మొన్ననే సున్నం కొట్టినాం, వీపులకి అంటుకుంటాది. నా గొంతు దూరం పోదు. ఆడ కూర్చుంటే సగమే వినపడతాది, ఆ సగాన్నే రేపు ఊరంతా చెప్తారు. అందుకని దగ్గరికొచ్చి మొత్తం వినండి.

మాది ఉదయగిరి, కోట కొండ కింద. మా ఇంటాయన కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఇంట్లో ఏ మూల చూసినా గరిటెలే. ధాత, ఈశ్వర అనే ఆ రెండేండ్ల కరువులో గరిటెలు ఉన్నాయి గానీ తిప్పేదానికి ఏమీ లేదు. కొండెక్కి ఆకూ అలమూ కోసుకొచ్చి పచ్చిదే నమిలినాం. పొయ్యిలో నిప్పు ఉండేది, దాని మీద పెట్టేదానికే ఏమీ ఉండేది కాదు. పచ్చాకు తిన్నదాన్ని అప్పుడెవరూ మొక్కు అనలా.

నాకు అంతకు ముందు ఇద్దరు పుట్టి నిలవలా. మూడో కాన్పు ఈశ్వరలో. ఆడపిల్ల. పుట్టినప్పుడు మా ఇంటాయన అరచేతిలో పట్టింది, కాళ్ళు మాత్రం మణికట్టు దాకా వచ్చినాయి. నా కాడ పాలు లేవు. మా అత్త ఆ బిడ్డను చేటలో పడుకోబెట్టి, మా ఇంటి దేవత పటం ముందర నిలబడి మొక్కుకున్నది. కోడిని ఇస్తాననేదానికి కోడి లేదు. కొబ్బరికాయ కొడతాననేదానికి అదీ లేదు. ఇంట్లో మిగిలింది పొయ్యి ఒకటే, దాన్నే ఇచ్చింది. "ఈ బిడ్డ నిలిచి యేడాది దాటితే నలభై రోజులు నిప్పు తగిలిన తిండి నోట పెట్టను తల్లీ" అనింది.

బిడ్డ నిలిచింది. మరుసటేడు బహుధాన్యలో వానలు పడినాయి, సజ్జలు పండినాయి, ఇంట్లో గాదె నిండింది, దొడ్లోకి ఒక బర్రె వచ్చింది. బిడ్డ గోడ పట్టుకుని నడిచేది. ఇన్నాళ్ళకి తిండి వచ్చింది, ఇంక తిందాం అనుకునేసరికి మా అత్త, "కార్తీకం వచ్చింది, మొక్కు మొదలుపెట్టాల" అనింది.

"కొంచెం ఆగమ్మా, చలి పోనీ" అన్నాడు మా ఇంటాయన.

"నేను మొక్కుకున్నప్పుడు చలి పోయినాక అని చెప్పలా" అనింది అత్త.

అత్తకి అప్పటికే అరవై దాటినాయి. నోట్లో ఆరు పండ్లు, అవి కూడా ఒకదానికొకటి ఎదురుగా లేవు. ఆమె మొక్కింది, నేను తినిపించాల. ఆమె మొక్కు చెడితే బిడ్డకి ఏమన్నా అవతాదని ఆమె భయం. ఆమెకంటే ఎక్కువ భయం నాది. ఇద్దరిని మట్టిలో పెట్టినదాన్ని నేనే గదా.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. పిల్లాజెల్లా లేరు, మొగుడు పోయి చాన్నాళ్ళయింది. ఆత్మకూరు అవతల ఏటి గట్టు ఊరు ఆమె పుట్టిల్లు. మాలాంటి సజ్జ సంగటి తినే మెట్ట జనాన్ని చూస్తే ఆమెకి జాలి. ఆమెకీ మా అత్తకీ నలభై ఏండ్లుగా పడదు. పడదంటే మాట్లాడుకోరని కాదు. పొద్దున లేచి మొదట మాట్లాడుకునేది వాళ్ళిద్దరే.

మొదటి రోజు నేను వడపప్పు చేసినా. పెసరపప్పు నానబెట్టి, బెల్లం తురిమి కలిపి గిన్నెలో పెట్టినా. పెద్దమ్మ మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"దాంట్లో ఏంది ఎర్రగా?"

"బెల్లం" అనింది అత్త.

"బెల్లం ఏమన్నా చెట్టుకి కాస్తాదంటే? పెద్ద బాన పెట్టి పొద్దస్తమానం ఉడకబెట్టేది గదా. మా ఊళ్ళో నేను చూసినా."

అత్త గిన్నె కింద పెట్టింది. బెల్లం అట్లా పోయింది.

రెండో రోజు అత్త ఆకు వక్క వేసుకుంది. పెద్దమ్మ వీధిలోనుంచే చూసింది. "ఏమే, నోరు ఎర్రగా ఉండాదే! సున్నం వేసినావా? గుల్లల్ని బట్టీలో కాలిస్తేనే గదా సున్నం అయ్యేది!" అత్త లేచి పోయి ఉమ్మేసింది. ఆ తరువాత సున్నం లేని ఆకు నమిలేది. మేక నమిలినట్టు ఉండేదని ఆమే చెప్పింది. నాలుగు రోజులకి ఆమె నోరు మామూలు రంగుకి వచ్చింది. మా ఇంటాయన వాళ్ళమ్మను అట్లా చూడడం అదే మొదలు. "అమ్మ పండ్లు తెల్లవా?" అని నన్ను అడిగినాడు.

మూడో రోజు పెద్దమ్మ నీళ్ళ కుండ మీద పడింది. "కుండ కాల్చింది కాదంటే? కుమ్మరి ఆవంలో కాలకుండానే ఈడికి నడిచొచ్చిందా?"

"నేను కుండ తినడంలా" అనింది అత్త.

మూడు రోజుల్లో అత్త గెలిచింది అదొక్కటే.

తేనె మీద మాత్రం రెండు రోజులు నడిచింది. కొండ మీదినుంచి తేనె తెచ్చే మనిషి తుట్టెకి పొగ పెట్టి తేనె తీస్తాడు. పొగ అంటే నిప్పే అని పెద్దమ్మ. పొగ తగిలింది ఈగలకి గానీ తేనెకి కాదని అత్త. చివరకి ఆ తేనె మనిషినే అడిగినారు. ఆయన ఇద్దరి మొకాలూ చూసి, "ఆ రోజు గాలి అవతలికి ఉండాది" అని జాగ్రత్తగా చెప్పి వెళ్ళిపోయినాడు. తేనె నిలిచింది.

ఇంక తిండి సంగతి. పచ్చివి తినడమంటే ఏముండాది, పొయ్యి పని తప్పిందిగదా అనుకుంటారు. తప్పింది పొయ్యి పనే, పని కాదు. పెసలు, ఉలవలు నానబెట్టి గుడ్డలో మూటకట్టి మొలకలొచ్చినాక రోట్లో మెత్తగా నూరాల. ఊరికే నూరి పెడితే అత్త కడుపు ఉబ్బి పొద్దుగూకులూ మూలిగేది. వాము, అల్లం కలిపి నూరితే మూలుగు తగ్గింది. నువ్వులు నూరి తేనెతో ఉండ చేసి పొద్దునొకటి, మాపునొకటి. సీతాఫలాలు ఉన్నన్నాళ్ళు సీతాఫలాలు. ఉసిరికాయ ఆమె ఆరు పండ్లకి నలగదు గాబట్టి దంచి ఉప్పేసి పెట్టేదాన్ని. పెరుగుకి పెద్ద తంటా వచ్చింది. పచ్చిపాలు తోడుపెట్టొచ్చు, కానీ తోడు వేసే పెరుగు కాచిన పాలదే గదా. మిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టినా. మూడుసార్లు విరిగింది, నాలుగోసారి తోడుకున్నది. పెద్దమ్మ వచ్చి వేలుపెట్టి నాకి చూసి, ఏమీ అనకుండా పోయింది. అంటే బాగుందని అర్థం.

ఇవన్నీ పెట్టినా అత్తకి కడుపు నిండేది కాదు. గింజ పడితేనే మెట్ట మనుషుల కడుపుకి తిన్నట్టు. పచ్చి బియ్యం పిండి తింటే ఆమెకి కడుపునొప్పి. అప్పుడు నాకు తట్టింది అటుకులు. మా ఊళ్ళో వరి లేదు, అటుకులు మేం ఏ పండక్కో చూసేది. వండే పని లేదు, నీళ్ళలో వేస్తే మెత్తబడతాయి, పండ్లు లేకపోయినా దిగుతాయి. మా ఇంటాయన ఆత్మకూరు సంతకి గరిటెలు తీసుకుపోయేవాడు గదా, ఈసారి గరిటెలిచ్చి ముల్లె నిండా అటుకులు తెచ్చినాడు. పూటకి రెండు దోసిళ్ళు నానబెట్టి, మిరపతొడిమ పెరుగేసి, ఉల్లిపాయ తరిగి వేసి పెట్టినా. అత్త మొదటి ముద్ద మింగి కండ్లు మూసుకుంది. ఆ పూట మూలగలా.

ఆ రోజు పెద్దమ్మ అరుగు మీదనే ఉండాది. గిన్నెలోకి చూసింది. "ఉల్లిపాయ లావుగా తరిగినావు" అనింది. అంతే.

ఇంక ఆశలు. మనిషికి ఆకలి ఒక్కటే అయితే మొక్కు తేలికే. మా అత్తకి ముసురు పట్టిన రోజున చారు కావాల. ఆమె నోరు తెరిచి అడగదు. చూరు నీళ్ళు కారేది చూస్తా, "మిరియాలు ఎట్టుండాయి ఈయేడు?" అనేది. నేను చింతపండు పిసికి, పచ్చిమిరపకాయ నలిపి, ఉల్లిపాయ వేసి పచ్చిపులుసు చేసి ఇచ్చేదాన్ని. తాగి, "బాగుండాది. చల్లగా ఉండాది" అనేది. మళ్ళీ చూరుకేసి చూసేది.

వేడి కోసం ఒక ఉపాయం దొరికింది. పొద్దున్నే బర్రె పొదుగు కింద చెంబు పట్టి, పిండీ పిండంగనే నురగతో సహా ఆమె చేతికిచ్చేదాన్ని. గుమ్మపాలు, గోరువెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చన బర్రెది, పొయ్యిది కాదు. అత్త రెండు చేతులతో చెంబు పట్టుకుని చాలాసేపు తాగేది కాదు, పట్టుకునే కూర్చునేది. బర్రె తల తిప్పి చూసేది.

మాకు వంట తప్పదు గదా. పొయ్యి వెనక దొడ్లోకి మార్చినా. గాలి ఇంటివైపు తిరిగితే మూత తీసేదాన్ని కాదు. తాలింపు మానేసినా. నలభై రోజులు తాలింపు లేని కూరలు తిన్న మా ఇంటాయన, మొక్కు ఎవరిదో ఒకసారి అడిగి తెలుసుకున్నాడు. ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే తప్పక తాలింపు వేసినా. పని ముగించుకుని లోపలికి వస్తే అత్త పిలిచింది.

"అమ్మీ, ఇట్లా రా."

పోయినా.

"నీ కొంగు ఇట్లా తే."

ఇచ్చినా. కొంగు మొకానికి పెట్టుకుని గట్టిగా పీల్చింది. కరేపాకూ ఆవాలూ. ఇంకోసారి పీల్చింది. "వాసన తిండి కాదు" అనింది, నేనేమన్నా అంటానేమోనని. ఆమె వదిలే దాకా అట్లనే వంగి నిలబడినా.

ఇంకో రోజు నిద్దరలేచి, "సంగటి మాడు" అనింది. కుండ అడుగున అంటుకుని నల్లగా అయ్యే పొర, అది. పాయసం కాదు, గారె కాదు, మాడు. నిప్పు తగలనిదేదీ మాడు కాదు గదా, దానికి నేనేం చేయను? నువ్వుల ఉండ ఇచ్చినా. చప్పరించి, "ఇది మాడు కాదు" అనింది.

ఇరవై రోజులు దాటినాక ఒళ్ళు మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట పెదవుల మూలలు పగిలినాయి. తరువాత పాదాలు ఉబ్బినాయి, వేలితో నొక్కితే గుంట పడేది. ఆ తరువాత పొద్దుగూకేసరికి కండ్లు ఆనకుండా పోయినాయి. ఒక సాయంత్రం బిడ్డని ఎత్తుకోబోయి పక్కనున్న దిండు ఎత్తుకుని ఆడించింది. బిడ్డ కింద కూర్చుని చూస్తా ఉండాది.

నేను పొన్నగంటాకు నూరి పెరుగులో కలిపి పెట్టినా. మునగాకు రసం తీసి తేనె కలిపి తాగించినా. దానికి మాత్రం అత్త ఏడ్చింది, చేదుకి. పెదవులు మానినాయి. కాళ్ళు మానలా. అప్పుడు మా ఇంటాయన, "ఆత్మకూరులో వైద్యుడుండాడు, అడుగుదాం. అటుకులు కూడా అయిపోవచ్చినాయి" అన్నాడు. ఎదురింటి పెద్దమ్మకి అత్తను అప్పజెప్పి, మిగిలిన అటుకుల ముల్లె ఆమె చేతికిచ్చి, బిడ్డను ఎత్తుకుని నేనూ బాడుగ బండెక్కినా. గరిటెల మధ్య కూర్చుని పోయినాం.

వైద్యుడు అంతా విన్నాడు. నాలుక ఎట్లుండాది, నిద్ర పడతాందా, అన్నీ అడిగినాడు. "మంచి మందు ఒకటి చెప్తా. బియ్యపు గంజి బాగా కాచి, గోరువెచ్చగా పోయండి" అన్నాడు.

"నిప్పు తగలంది చెప్పండి సామీ" అన్నా.

ఆయన మందుల పెట్టె తెరిచి, మళ్ళీ మూసి, "పొన్నగంటాకు" అన్నాడు. మళ్ళీ బండి కాడికి వచ్చినాం.

మా ఇంటాయన సంతలో ఉంటే, నేను అటుకులామె ఇల్లు వెతుక్కుంటా పోయినా. ఇంటికి దూరంగా ఉండగానే వేయించిన వాసన. ఏమన్నా శుభకార్యం ఉందేమో అనుకున్నా. వాకిట్లో ఆమె పెద్ద పొయ్యి ముందర కూర్చుని ఉండాది. పొయ్యి మీద ఏటవాలుగా మంగలం. వేయించేదానికి పెట్టే పెద్ద మట్టిపాత్ర అది. దాంట్లో నానిన వడ్లు పోసి ఎర్రటి మంట మీద తిప్పుతా ఉండాది. అవి చిటపటమంటుంటే పక్కనే రోట్లో పోసి ఇద్దరు ఆడోళ్ళు దమదమ దంచుతున్నారు.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నా.

"ఏం చేస్తారు, అటుకులు."

"వేయించి చేస్తారా?"

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మెట్టదానివా?"

"ఉదయగిరి."

"అదీ. పచ్చి వడ్లు దంచితే బియ్యం వస్తాయి, అటుకులొస్తాయా అమ్మా? మంగలంలో బాగా వేగాల, వేడి మీదనే దంచాల. మా మంట చూడు, ఎవరి కాడా ఉండదు ఇట్లాంటి మంట" అని రెండు పుల్లలు ఎగదోసి చూపించింది.

చూసినా. మంట చాలా బాగుండాది.

కొనకుండానే వెనక్కి వచ్చినా. బండి ఊరు దాటినాక మా ఇంటాయనకి చెప్పినా. రోజుకి రెండు పూటలు, పూటకి రెండు దోసిళ్ళు. మొక్కు మొదటి వారం దాటకముందు నుంచీ నేను పెట్టింది నిప్పే. ఆయన విన్నాడు. ఎడ్లను చూస్తా ఉన్నాడు.

"ఏం చేద్దాం?" అన్నా.

"ముందు ఎడ్లకి మేత వేద్దాం."

"ఆ తరువాత?"

"అమ్మకి చెప్తే మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెడతాది."

"ఆ కాళ్ళతో, ఆ కండ్లతో ఇంకో నలభై రోజులు..."

"ఉండదు" అన్నాడు. బిడ్డ నా ఒళ్ళో గరిటె నములుతా ఉండాది. చెప్తే అత్త పోతాది. చెప్పకపోతే మొక్కు అబద్ధం, బిడ్డ మీదికి ఏమొస్తాదో. దారంతా బిడ్డ నుదురు తాకి చూస్తానే ఉన్నా. చల్లగానే ఉండాది. అయినా మళ్ళీ తాకినా.

ఊరు చేరేసరికి మొక్కులో ముప్పై మూడో రోజు అయిపోతా ఉండాది. అత్త పడుకుని ఉండాది. నేను నేరుగా ఎదురింటికి పోయినా. ఇంకెవరికి చెప్పేది? నిప్పు సంగతులన్నీ తెలిసింది ఆమె ఒకత్తే. ముల్లె అడుగున గుప్పెడు అటుకులు మిగిలి ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇవి వేయించినవంట" అన్నా.

"అవును" అనింది.

ఆమె ముల్లె మూతి ముడేసింది.

"మా అమ్మ మంగలం కాడ అటుకులు దంచే మనిషి. నేను ఆ రోటి పక్కనే పెరిగినా. నాకు తెలీదనుకుంటివా?"

"మరి బెల్లం మీద, సున్నం మీద అంత రచ్చ చేసినావే!"

"బెల్లం లేకపోతే మీ అత్త చావదు. సున్నం లేకపోయినా చావదు. అటుకులు లేకుంటే ఇరవయ్యో రోజుకి పాడె కట్టాల. నేను అన్నీ చూస్తా ఊరుకుంటే ఆమెకి అనుమానం రాదా? అన్నిటి మీదా అరిస్తేనే గదా, నేను అరవనిది మంచిదని ఆమె నమ్మేది."

నాకు కోపం రావాల్నో కాళ్ళకి దండం పెట్టాల్నో తెలియలా. "మరి నా బిడ్డ పెద్దమ్మా? మొక్కు బిడ్డ మీద గదా" అన్నా. అంతే, ఏడుపు వచ్చేసింది.

నా చంకలో బిడ్డ ఆమె ముక్కు అందుకోబోయింది. ఆమె మొకం వెనక్కి తీసుకోలా, లాగనిచ్చింది.

"ఎన్ని రోజులు అయినాయి నేటికి?"

"ముప్పై మూడు."

"మిగిలిన ఏడు రోజులు నువ్వు అటుకులు పెట్టబాకు. వేరేది ఏదో చేసి ఆమెను నిలబెట్టు. ఆ ఏడు ఆమె లెక్కలోకి పోతాయి. తెలిసి నోరు మూసుకున్నది నేను. ఆ ముప్పై మూడు నేను తీరుస్తా. మీ అత్తకి ఒక్క మాట చెప్పినావో, నీ వీపు పగలగొడతా."

మరుసటి పొద్దున ఆమె మా వీధి వాకిట్లో నిలబడి ఊరంతా వినేటట్టు కేకలేసింది. "ఏమే! నువ్వొకదానివేనా మొనగత్తెవి? పచ్చివి తిని గొప్పలు పోతున్నావే. ఈ పొద్దు నుంచి నేను కూడా తింటా, చూస్తా ఉండు!"

అత్త మంచం మీదినుంచి లేచి కూర్చుంది. పది రోజులుగా అంత చురుగ్గా లేచింది లేదు. "నీకేం మొక్కే?"

"మోకాళ్ళ నొప్పి పోవాలని."

"ఎన్ని రోజులు?"

"ముప్పై మూడు."

"ముప్పై మూడేంది? మండలం నలభై గదా!"

"నీ అంత కొవ్వు లేదు నాకు. ముప్పై మూడు చాలు."

"సరేలే. అటుకులు మా కోడలు తెప్పిస్తాది నీక్కూడా."

"అటుకులు నాకు పడవు" అనింది పెద్దమ్మ.

అత్త ఆమెను చూసింది. తరువాత నన్ను చూసింది. నేను బిడ్డ తలలో ఏదో వెతుకుతా ఉన్నా. బిడ్డ తలలో ఏమీ లేదు, అప్పటికి సరిగ్గా జుట్టే లేదు.

ఆత్మకూరులో అటుకులు దొరకలేదని అత్తకి చెప్పినా. "దొరకవు లే" అనింది. మిగిలిన ఏడు రోజులకి సజ్జల్ని మొలకెత్తించి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండినా. దాంట్లో కొబ్బరిపాలు, తేనె. కొంచెం కొంచెంగా, గంటకొకసారి. ఒకేసారి పోస్తే కడుపు పట్టదు, కొంచెంగా పోస్తే దానికి తెలియకుండా దిగిపోతాది. ముప్పై ఆరో రోజు ఆమె మంచం మీదనుంచి దిగలా. ముప్పై ఏడో రోజు దిగి, ఎదురింటి వాకిట దాకా కర్ర పట్టుకుని పోయింది. ఎందుకంటే పెద్దమ్మ ఎండుచేప తినబోతుందని ఎవరో చెప్పినారు.

"ఎండలో ఎండింది గదే, నిప్పు తగల్లా!" అంటా ఉండాది పెద్దమ్మ, చేప చేతిలో పట్టుకుని. ఏటి గట్టు మనిషి, చేప లేకుండా మూడు రోజులు ఉండడం ఆమె జన్మలో అదే మొదలు.

"మొక్కులో నీసు ముడతారంటే? పారెయ్యి!"

"నువ్వెవతివి చెప్పేదానికి?"

"నలభై రోజుల దాన్ని. నీకంటే ముందు మొదలుపెట్టినదాన్ని."

చేప పిల్లి పాలైంది.

నలభయ్యో రోజు గడిచి తెల్లారినాక అత్త మొక్కు ముగించి, దేవతకి దండం పెట్టి, గంజి తాగింది. వైద్యుడు చెప్పినట్టే గోరువెచ్చగా. నాలుగు రోజులకి సంగటి తిన్నది. పది రోజులకి కాళ్ళ వాపు దిగింది. దీపాలు పెట్టే వేళలో కూడా బిడ్డ ఏదో దిండు ఏదో తెలిసింది.

ఇంక అత్త పని పెద్దమ్మను కాయడం. ఎదురింటి అరుగు మీద కూర్చుని గిన్నెలోకి చూడడం, ఉల్లిపాయ లావు అనడం. నా చేత రోజూ పొద్దున్నే గుమ్మపాలు పంపేది, పొన్నగంటాకు నూరి పంపేది. "తాగమను. నడుమ చచ్చిందంటే మొక్కు ఎవరు తీరుస్తారు?" అనేది. పెద్దమ్మ చెంబు అందుకుని, "మీ అత్త బర్రె పాలు పలచన" అనేది. తాగేది. నేను రోజులు లెక్కపెట్టేదాన్ని. పదిహేనయినాక ఆమె మెడ ఎముకలు కనపడినాయి. ఇరవై అయిదో రోజున రోలు దగ్గర కండ్లు తిరిగి కూలబడింది. నేను పరిగెత్తిపోయి, "చాలు పెద్దమ్మా, వదిలేయి" అన్నా.

"ఇంకా ఎనిమిది" అనింది. "బిడ్డ ఎట్లుండాది?"

"బాగుండాది."

"అయితే పోయి పెసలు నూరు."

ముప్పై మూడో రోజు గడిచిన పొద్దున, పెద్దమ్మ పొయ్యి ఎప్పుడో చల్లబడిపోయి ఉండాది. ఒకత్తే ఉండే ఇల్లు, నిప్పు కాపాడే మనిషి లేదు. మా అత్త పొద్దున్నే మా పొయ్యిలో నుంచి నిప్పులు పెంకులో ఎత్తుకుని, వీధి దాటి, ఆమె పొయ్యి ముట్టించింది. నేను చేస్తానంటే చెయ్యి తోసేసింది. అన్నం తనే వండింది, చారు తనే కాచింది, తాలింపు తనే వేసింది. పొగకి దగ్గుతానే. ఆ నలభై ఏండ్లలో అత్త ఆ ఇంట్లో ఒక పూట వంట చేసింది లేదు. ఆకు వేసి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

పెద్దమ్మ అన్నం కలిపి, మొదటి ముద్ద తను తినకుండా నా చంకలో బిడ్డ నోట పెట్టింది. బిడ్డ తిన్నది. అప్పుడు తను తిన్నది. మూడు ముద్దలు తిని ఆగింది.

"ఉప్పు తక్కువ" అనింది.

"ఉప్పు సరిపోయింది. నీ నోరే చచ్చింది" అనింది అత్త.

"నాకు తెలీదంటే ఉప్పు?"

"అన్నీ నీకే తెలుసు గదా" అనింది అత్త. అని, ఇంకొంచెం చారు పోసింది.

ఆ మాటలో ఏముండాదో నేను ఎన్నోసార్లు ఆలోచించినా. అత్తకి తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె అడగలా, నేను చెప్పలా. ఇద్దరూ పోయి చాలా ఏండ్లయింది, అందుకని ఇప్పుడు చెప్తున్నా. ఒక మొక్కును ఇద్దరు పంచుకుని తీరిస్తే చెల్లుతాదా అని నేను ఏ పంతులునీ అడగలా. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తాడు. ఆ బిడ్డ పెరిగి, పెండ్లయి, నలుగురిని కన్నది, నలుగురూ నిలిచినారు. మొన్న వచ్చి, నా చారులో ఉప్పు తక్కువని చెప్పి పోయింది.

ఇంక లెయ్యండి, కాళ్ళు తిమ్మిరెక్కినాయి మీకు. మీ ఇండ్లల్లో పుట్టిన బిడ్డలు అందరూ నిలవాల, పెద్దోళ్ళు వెచ్చగా నాలుగు ముద్దలు తిని పడుకోవాల, మీకు పూట గడవని రోజు వస్తే వీధి దాటి వచ్చి తిట్టే మనిషి ఒకరు ఎదురింట్లో ఉండాల. చల్లగా ఉండండి.